ఏడేళ్ల మేనత్త

చుట్టు 2114
అతుకులు: రెండు. ఉత్తరపు గోడకు ఒకటి, బడి కప్పుకు ఒకటి. గమ్ము: ఒకటిన్నర గరిటె.

ఈ పుస్తకంలో అతుకుల వివరం తప్ప మరేమీ రాయకూడదని ఇన్‌స్పెక్టరు గారు పోయినసారి ఎర్ర సిరాతో రాశారు. వారి మాట నాకు శిరోధార్యమే. కాని బడి కప్పుకు వేసిన అతుకు కాస్త వంకర వచ్చింది. అది ఎందుకు వంకర వచ్చిందో చెప్పాలంటే నాకు నవ్వెందుకు వచ్చిందో చెప్పాలి. అది చెప్పాలంటే వరసయ్య సంగతి ఎత్తాలి. సంఘటనలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తుంటే మధ్యలో విడదీయడానికి నేనెవర్ని?

పులుపు వాన కురిసి బడి కప్పు మీద బుడగ తోలు పలచబడింది. నిచ్చెనెక్కి లోపలి నుంచి గమ్ము రాస్తున్నాను. కింద ఒకే గదిలో పిల్లలంతా ఉన్నారు, పెద్దవాళ్లు భాగహారాలు చేస్తున్నారు. తలుపు తెరుచుకుంది. తలుపు పక్కన వేలాడే పెట్టె గొంతు సవరించుకుంది. ఈ పెట్టెనే మేం వరసయ్య అంటాం. ముప్ఫై ఎనిమిది మందితో మొదలైన ఊరు మాది, మబ్బుల మీద తేలుతూ లోకాన్ని చుట్టివచ్చే బుడగ. ఎవరికెవరు ఏమవుతారో ఒక్కసారి తప్పితే రేపు పెళ్లిళ్ల దగ్గర చిక్కొచ్చి పడుతుంది. అందుకని మా ముత్తాతల నాడే ప్రతి గుమ్మానికీ ఒక వరసయ్యను తగిలించారు. ఎవరు లోపలికి వచ్చినా ఉన్నవాళ్లకు వరస చెబుతాడు. ఊరికే చెప్పి ఊరుకోడు, మర్యాద కూడా నేర్పుతాడు.

"మధూలికా, మీ మేనత్త గారు వచ్చారు. లేచి నిలబడమ్మా" అన్నాడు వరసయ్య.

వచ్చిన మేనత్త గారికి ఏడేళ్లు. ముందు పళ్లు రెండు లేవు. పేరు పేరిందేవి. లేవాల్సిన మధూలికకు పదకొండేళ్లు. ఆ పిల్ల పేరిందేవికి సొంత అక్క.

"అత్త వస్తే లేవాలని తెలీదా?" అంది పేరిందేవి, నడుం మీద చెయ్యి వేసుకుని.

"పొద్దున్న నీ జడ వేసింది నేను. వచ్చి బుద్ధిగా కూచో."

"జడేసినా లేవాలి. వరసయ్య చెప్పాడు."

మధూలిక లేచింది. తరగతంతా లేచింది, ఎందుకైనా మంచిదని. టీచరమ్మ కూడా సగం లేచి, తనకేం వరస లేదని గుర్తొచ్చి కూచుంది. నిచ్చెన మీద నేను నవ్వాపుకోలేకపోయాను. అదీ అతుకు వంకర.

ఈ వింత వరస ఎలా వచ్చిందో కూడా రాసి ముగిస్తాను. రెండేళ్ల కిందట బయటి తాళ్లు బిగించడానికి వెళ్లిన ఈ పిల్లల అమ్మానాన్నలు తిరిగి రాలేదు. దత్తు తీసుకుంటే ఏ ఇంటికీ ఒక పిల్లకు మించి గాలి వాటా పెంచరు. అందుకని పెద్దదాన్ని కామేశం, హైమావతి దత్తు తీసుకున్నారు. చిన్నదాన్ని కామేశం తల్లిదండ్రులు సోమలింగం, వెంకాయమ్మ తీసుకున్నారు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. ఇంత చక్కని ఏర్పాటు ఇంకోటి లేదని ఊరంతా సంబరపడింది. అయితే దత్తత చట్టం ఏడో సెక్షన్ ప్రకారం దత్తు వెళ్లిన పిల్లకు పాత వరసలు చెరిగిపోతాయి, కొత్తవి పడతాయి. సోమలింగానికి కూతురైంది గనక చిన్నది కామేశానికి చెల్లెలు. కామేశానికి కూతురైంది గనక పెద్దది చిన్నదానికి మేనకోడలు. వరసయ్య చేసిన లెక్కలో తప్పు పట్టలేం.

అన్నిటికన్నా ఎక్కువ అవస్థ హైమావతిది. "ఏడేళ్ల ఆడపడుచండీ బాబూ" అంటుంది ఎవరు కనబడితే వాళ్లతో. "గుమ్మంలో అడుగు పెట్టగానే 'వదినా, ఏం వండావు' అంటది. చెప్పకపోతే వరసయ్య నన్నే మందలిస్తాడు."

చుట్టు 2115
అతుకులు: అయిదు.

విడుపు ప్రకటించారు. జనం నాలుగు వందలు దాటారు. తోలు ఇంకా సాగితే నా అతుకులు ఆపలేవు. ఈ మాట నేనే మూడేళ్లుగా ఈ పుస్తకంలో రాస్తున్నాను, ఎర్ర సిరా తప్ప జవాబు రాలేదు. సరే, ఇప్పటికైనా విన్నారు. మా ఊరు ఉప్పరిగ రెండు బుడగలవుతుంది. ఎడమ బుడగ ఉత్తరపు గాలిలోకి పోతుంది, కుడి బుడగ దక్షిణపు గాలిలోకి. ఆ తర్వాత మళ్లీ ఎదురుపడితే పడొచ్చు. కిందటి విడుపులో వెళ్లిన బుడగ పంతొమ్మిదేళ్ల తర్వాత ఒక్కసారి దూరాన మబ్బు అంచున కనిపించింది. ఊరంతా చేతులూపాం. వాళ్లకు కనిపించిందో లేదో.

ఎవరు ఎటో జాబితా నీళ్ల పంపు దగ్గర అంటించారు. గమ్ము నాదే. సోమలింగం ఇల్లు కుడికి, కామేశం ఇల్లు ఎడమకు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. తండ్రీకొడుకులే అడిగి వేయించుకున్నారు. ఇద్దరూ ఊరికి గాలి చెప్పేవాళ్లే. సోమలింగం కిటికీకి కట్టిన గుడ్డపీలిక చూసి చెబుతాడు, కామేశం పరికరం చూసి చెబుతాడు. పదకొండేళ్లుగా ఇద్దరి మాటా నిజమే అవుతోంది. అదే గొడవ. ఒక్కసారి ఎవరిదైనా తప్పితే ఈపాటికి రాజీ కుదిరేది.

మధ్యాహ్నం మధూలిక నా గమ్ము గదికి వచ్చింది. ఏడవలేదు. గిన్నెలో ఉన్న గమ్మును పుల్లతో తిప్పుతూ నిలబడింది.

"తాతా, నీ పుస్తకంలో చూడవా."

ఊళ్లో కాగితం మీద అచ్చయిన పుస్తకం ఒక్కటే ఉంది. అది చట్టాల పుస్తకం. నలభై ఏళ్ల కిందట గమ్ము డబ్బాల కింద ఎత్తుకు పెట్టుకోమని నాకిచ్చారు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. డబ్బా తీసినప్పుడల్లా ఒక అక్షరం కనబడేది. దాన్ని పక్కింటి వాళ్లను అడిగి తెలుసుకునేవాణ్ణి. అలా నేను మొదట చదివిన వాక్యం "మురుగు తొట్టి మూత తెరిచినవారే మూయవలెను". ఇప్పటికీ అంత బాగా రాసిన వాక్యం నాకింకోటి తగల్లేదు. ముప్ఫై ఏళ్లు పట్టింది గాని పుస్తకమంతా అయింది. మా ఊళ్లో చట్టం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లు పాటిస్తారు, అంతే.

"ఏం చూడమంటావు?"

"అక్కాచెల్లెళ్లను విడదీయకూడదని ఎక్కడో ఉంటుంది. మురుగుమూతకే సెక్షనుందన్నావు కదా."

ఉంది. విడుపు చట్టం, మూడో సెక్షన్. "పద్దెనిమిదేండ్లు నిండని తోబుట్టువులను వేర్వేరు బుడగలలో వేయరాదు." గట్టిగా చదివాను. మధూలిక పుల్ల పక్కన పెట్టేసింది.

"అంటే గెలిచినట్టేనా?"

"గెలిచినట్టే" అన్నాను. ఒక గంటసేపు నేను అంత తెలివితక్కువవాణ్ణి.

ఇద్దరం సభ పెద్ద మాణిక్యాంబ గారి దగ్గరకు వెళ్లాం. ఆవిడ సెక్షన్ విని గుమ్మం దగ్గరి పెట్టెకేసి తిరిగింది.

"వరసయ్యా, మధూలిక, పేరిందేవి తోబుట్టువులేనా?"

"కారండి. మేనత్త, మేనకోడలు."

"ఒకే తల్లికి పుట్టలేదూ?" అన్నాను నేను.

"ఏ తల్లికండి?" అన్నాడు వరసయ్య.

వెటకారం కాదు. అతనికి నిజంగానే తెలియదు. అతని వరసల పట్టికలో ఆ గడిలో ఏముండేదో చెరిపి రెండేళ్లయింది. మధూలిక నా చొక్కా అంచు పట్టుకుంది.

"చట్టంలో తోబుట్టువులని ఉంది గవర్రాజు గారూ" అంది మాణిక్యాంబ గారు నాతో. "అత్తను, కోడలిని కలిపే ఉంచాలని ఎక్కడా లేదు. అలా రాస్తే సగం ఊరు నా మీద పడుతుంది."

"చట్టం మారుద్దాం."

"విడుపుకు ముందు సభ ఒక్కటే ఉంది. నలుగురిలో ముగ్గురు చెయ్యెత్తాలి. ఎత్తించుకోండి, నాకేం."

చుట్టు 2116
అతుకులు: తొమ్మిది. చూసి కూడా వేయనివి: ఒకటి.

వేయనిదాని గురించి ఇన్‌స్పెక్టరు గారు అడుగుతారు గనక ముందే రాస్తున్నాను. కామేశం ఇంటికీ సోమలింగం ఇంటికీ మధ్య గోడలో, నేల దగ్గర, రెండు వేళ్లు పట్టేంత చీలిక ఉంది. అతకమని వెంకాయమ్మ కబురు పెడితే వెళ్లాను. వంగి చూస్తే చీలికలోంచి ఒక చిటికెన వేలు ఇటు వచ్చి ఉంది, దాన్ని పట్టుకుని పేరిందేవి నిద్రపోతోంది. పట్టపగలు, నోరు తెరుచుకుని, మేనత్తలెవరూ నిద్రపోని భంగిమలో. గోడకు ఆవలి నుంచి "తాతా, గమ్ము పుయ్యకు, నా వేలుంది" అని మధూలిక గొంతు వినిపించింది. డబ్బా మూత పెట్టేశాను.

వేలుంది, అతకనని వెంకాయమ్మతో అన్నాను. ఆవిడ చేటలో పెసలు ఏరుతోంది, తలెత్తలేదు.

"నాకు తెలీదనుకుంటన్నారా? అందుకే అతకమన్నాను."

"అదేంటమ్మా."

"మీరు చట్టం మారుస్తానంటన్నారంట. బానే ఉంది. నాకు అరవై ఏళ్లకు ఆడపిల్ల వచ్చింది గవర్రాజు గారూ. మొదటి ఆర్నెల్లు నన్ను ఏవండీ అనేది. ఇప్పుడు అమ్మా అంటంది. పాత వరసలు తిరిగి రాస్తే ఆ పిల్లకి నేనేమవుతాను? అన్నం పెట్టే పక్కింటావిడనా?"

ఏడో సెక్షన్ రాసినవాళ్లు చెడ్డవాళ్లు కాదని అప్పుడే అర్థమైంది. ఎక్కడో ఎవరో పిల్లని పరాయిదానిలా చూసి ఉంటారు. అలా చూడకూడదనే పాతదంతా తుడిచేయమన్నారు. తుడిచే గుడ్డ మరీ పెద్దదైపోయింది, అంతే.

చుట్టు 2117
అతుకులు: నాలుగు.

నీళ్ల పంపు దగ్గర పని. తోలు బిగువు చూస్తున్నాను, చెవులు మాత్రం వరుసలో ఉన్నాయి. అక్కడ రాజరత్నం, కనకవల్లి పోట్లాడుకుంటున్నారు. వీళ్లది కుండమార్పిడి సంబంధం. ఈవిడ అన్నకు ఆవిడనిచ్చారు, ఆవిడ అన్నకు ఈవిడనిచ్చారు.

"నేను నీకు ఆడపడుచుని. ముందు నా బిందె పెట్టాలి."

"నేను మాత్రం నీకు ఆడపడుచుని కాదా? నా బిందే ముందు."

"నువ్వు నాకు అన్న పెళ్లానివి కూడా. వదినవి. వదినైతే ఓర్చుకోవాలి."

"నువ్వూ అంతేగా. నువ్వే ఓర్చుకో."

పంపు పక్కనున్న వరసయ్యను తీర్పు అడిగారు. పాపం అతను చాలాసేపు గురగురలాడి, "ఏ పెళ్లి తర్వాత జరిగిందో దాని వరస ఉంది నా దగ్గర. ఒక జతకు ఒకటే గడండి" అన్నాడు. ఇద్దరూ ఒక్కటై అతన్ని తిట్టారు. "గడి లేకపోతే మాకు వరస లేకుండా పోద్దా? నువ్వు రాసుకోకపోతే అది నీ ఖర్మ" అంది కనకవల్లి, రెండు బిందెలూ ఒకేసారి పంపు కింద పెడుతూ.

సభలో ఏం అడగాలో తట్టి, నేను బిగువు కొలిచే కర్ర అక్కడే వదిలేసి ఇంటికొచ్చేశాను. కర్ర పోయింది. కొత్తది మంజూరు చేయమని ఇన్‌స్పెక్టరు గారికి ఇందుమూలంగా మనవి.

చుట్టు 2118
అతుకులు: ఏమీ లేవు. ఊరంతా సభలో ఉంది, తోలుకు కూడా తీరిక దొరికింది.

నాకు ఉపన్యాసం రాదు. మొదలుపెడితే ఆపడమూ రాదు. ఆ సంగతి మాణిక్యాంబ గారికి తెలుసు, అందుకని "ఒక్క మాట. గమ్ము గురించి కాకుండా" అంది.

"ఒక్క మాటేనండి" అన్నాను. "ఒకే మనిషిని రెండు వరసల్లో పిలవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి."

ముందు ఎవరూ లేవలేదు. తర్వాత వెనక నుంచి రాజరత్నం, కనకవల్లి లేచారు, ఇద్దరూ ఒకరికన్నా ఒకరు ముందు. వాళ్లను చూసి ఒకాయన, "ఆమాటకొస్తే మా బాబాయి మా ఆవిడ వైపు నుంచి నాకు తోడల్లుడే" అంటూ లేచాడు. ఆ బాబాయి వయసు ఈయనకన్నా మూడేళ్లు తక్కువ, ఆయన లేవక తప్పలేదు. ఒక ముసలావిడ, తన మనవరాలి అత్తగారు తన చిన్న ఆడపడుచు అని లెక్క చెప్పబోయి, మధ్యలో తప్పి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది. పక్కనున్నవాళ్లు వేళ్లు మడిచి సాయం పట్టారు. "మీరు నాకు మావయ్యే కదండీ" అని ఒకడంటే, "అటు నుంచి. ఇటు నుంచైతే నువ్వు నాకు తమ్ముడివి, ఆ పచ్చడి జాడీ ఎప్పుడు తిరిగిస్తావురా" అని ఇంకొకాయన. పావుగంటలో జనంలో కూచున్నవాళ్లు లేరు. సభ సభలా లేదు, పెళ్లి విడిదిలా ఉంది. గోడకున్న వరసయ్య ఎవర్ని ఎవరికి చెప్పాలో తెలియక, "లేవండి, కూర్చోండి, లేవండి" అంటూ ఉండిపోయాడు.

మాణిక్యాంబ గారు ఒక్కతే కూచుని ఉంది. మొదటి వరుసలోంచి ఆవిడ తోడికోడలు సుభాషిణి నెమ్మదిగా అంది, "అక్కా, నువ్వు లేవవా?"

వాళ్లిద్దరూ సొంత అక్కాచెల్లెళ్లు. అన్నదమ్ములను చేసుకున్నారు. ముప్ఫై ఏళ్లుగా ప్రతి గుమ్మంలోనూ వరసయ్య "మీ తోడికోడలు గారు వచ్చారు" అంటూనే ఉన్నాడు, వీళ్లు వింటూనే ఉన్నారు.

"వరసయ్యా" అంది మాణిక్యాంబ గారు. "నాకు తోబుట్టువులెవరు?"

"ఎవరూ లేరండి."

ఆవిడ లేచింది. కొంగు సర్దుకుంది. "సెక్షన్ ఏం రాసుకొచ్చారో చదవండి" అంది నాతో.

చదివాను. "పుట్టుకతో వచ్చిన వరసను ఎవ్వరూ చెరపరాదు. దత్తత వలన, పెండ్లి వలన వచ్చు వరస దాని పక్కన చేరవలెను గాని దాని మీద కాదు. ఇదివరకు చెరిపినవన్నియు తిరిగి రాయవలెను." మురుగుమూత వాక్యమంత బాగా రాలేదు. నా శాయశక్తులా రాశాను.

అప్పుడు వెంకాయమ్మ లేచింది. లేచే ఉంది గనక ముందుకు వచ్చింది అనాలి. "పిల్లనొకసారి అడగండి" అంది.

పేరిందేవిని బల్ల మీద నిలబెట్టారు. మాణిక్యాంబ గారు అడిగింది. "మధూలిక నీకు అక్కగా కావాలా, మేనకోడలుగా కావాలా?"

"బళ్లో మేనకోడలండి. ఇంట్లో అక్కండి."

"అదేం?"

"బళ్లో అయితే లేస్తదండి. జొరం వచ్చినప్పుడు మేనకోడలెందుకండి?"

నవ్వులు ఆగేసరికి వెంకాయమ్మ బల్ల దగ్గరికి చేరింది. "మరి నేనో?"

"నువ్వు అమ్మవి" అంది పేరిందేవి, ఇంత తేలిక ప్రశ్న ఎందుకడిగారన్నట్టు. "నిన్నెవరూ చెరపలేదుగా."

చెయ్యెత్తాల్సినవాళ్లు రెండు వందల అరవై ఒక్కరు. ఎత్తినవాళ్లు రెండు వందల నలభై. వెంకాయమ్మ రెండు చేతులూ ఎత్తితే ఒకటి దించమన్నారు. సాయంత్రం నుంచి ఊళ్లో ప్రతి గుమ్మంలోనూ వరసయ్య గొంతు పోయేలా రెండేసి వరసలు చెబుతున్నాడు. సుభాషిణి పని లేకపోయినా వాళ్లక్క ఇంటికి ఏడుసార్లు వెళ్లొచ్చిందట.

చుట్టు 2119
అతుకులు: ఆరు.

గెలిచాక తెలిసింది, గెలుపు బరువు ఎంతో.

పిల్లలు ఒకే బుడగలో ఉండాలంటే రెండిళ్లూ ఒకే బుడగలో ఉండాలి. కామేశం పరికరాలను ఇప్పటికే ఎడమ బుడగ గోడకు బిగించేశారు, ఊడవు. కాబట్టి సోమలింగమే కదలాలి.

"వాడి గాలిలోకి నేను రాను" అన్నాడు సోమలింగం.

"రాకపోతే మానండి" అంది వెంకాయమ్మ. "నేనూ పిల్లా వెళ్తన్నాం. మీ పీలిక మీరు చూసుకోండి."

గంట తర్వాత చూస్తే ఆయన కిటికీ దగ్గర నిలబడి పీలిక విప్పుతున్నాడు. కొడుకు కుర్చీ తెచ్చి వేశాడు, ఎక్కి విప్పుకోమని. కుర్చీ కదలకుండా కూడా కామేశమే పట్టుకున్నాడు.

అసలు చిక్కు వేరే. నీళ్లు, గింజలు, గమ్ము, గాలి అన్నీ రెండు సగాలుగా పంచి సీలు వేసేశారు. రెండు బుడగలూ సమానంగా తూగితేనే తాడు కోస్తారు, లేకపోతే బరువైనది పొయ్యిలోకి దిగిపోతుంది. పొయ్యి అంటే మబ్బుల కింద ఉన్న నేల. అక్కడికి దిగినవాళ్లెవరూ తిరిగి వచ్చి సంగతులు చెప్పలేదు. సోమలింగం ఇల్లు, మనుషులూ మూటలూ కలిపి, నూట యాభై ఒక్క కిలో. అంత బరువు ఎడమకు వస్తే, అంతే బరువు ఎడమ నుంచి కుడికి పోవాలి. ఎవర్నడిగినా ఎడమన వాళ్లకొక కూతురో తమ్ముడో ఉన్నారు. కొత్త చట్టం పుణ్యమా అని నిన్నటి దాకా లేనివాళ్లకు కూడా ఉన్నారు.

నాకు అటూ ఇటూ ఎవరూ లేరు. జాబితా రాసినవాళ్లు ఖాళీ కనబడిందని నన్ను ఎడమన వేశారు. అతికేవాళ్లు రెండు బుడగల్లోనూ ఉన్నారు. నేనూ, నా వాటా డబ్బాలు, నిచ్చెన, చట్టాల పుస్తకం కలిపితే దాదాపు ఆ బరువే. వెళ్లి పేరు రాయించుకున్నాను.

పిల్లలకు చెప్పలేదు. మధూలికకు చెప్పనక్కర్లేకపోయింది. అది భాగహారాలు నేర్చుకుంటున్న వయసు.

చుట్టు 2120
అతుకులు: ఇది ఉప్పరిగలో నా ఆఖరి పద్దు. చెప్పుకోదగ్గవేమీ లేవు.

ఊరి మధ్య పెద్ద త్రాసు కట్టారు. ఒక పళ్లెంలో సోమలింగం, వెంకాయమ్మ, పేరిందేవి, మూటలు. రెండో పళ్లెంలో నేను, డబ్బాలు, నిచ్చెన, పుస్తకం. రెండు పళ్లేల మధ్య చెయ్యి చాస్తే అందేంత దూరం. తాడు వదిలారు. వాళ్ల పళ్లెం దిగింది, నాది పైకి లేచింది. నేను వాళ్లందరి నెత్తి మీద, మహారాజులా, నిచ్చెన పట్టుకుని, కాళ్లు వేలాడేసి కూచుని.

"ఎనిమిది వందల గ్రాములు తేలిక" అంది మాణిక్యాంబ గారు, సూది చూసి.

నిబంధన ఏమిటంటే, నేల మీద నుంచి గుండుసూది కూడా ఎక్కించకూడదు, దించకూడదు. పళ్లెంలో ఉన్నది పళ్లెంలోకి మారవచ్చు.

"నా మీసం తీసి ఆయనకిస్తాను" అన్నాడు సోమలింగం.

"మీ మీసం అంత ఉంటే మనం ఎప్పుడో పొయ్యిలో పడేవాళ్లం" అంది వెంకాయమ్మ, మూటలోంచి క్యారేజీ తీస్తూ. కుడి నుంచి ఎడమకు నలభై అడుగుల దూరం. దారిలో తినడానికని ఆవిడ పప్పన్నం కలిపి తెచ్చింది, నెయ్యి కూడా వేసి. "గిన్నె ఇస్తే మాకు గిన్నె పోతుంది. తినిపిద్దాం."

పేరిందేవికి ఇంతకన్నా సంబరం లేదు. ముద్ద చేసి, మునివేళ్ల మీద లేచి, కిందికి వంగిన నా నోటికందించింది. నా పళ్లెం కాస్త దిగింది. చుట్టూ జనం అరిచారు. రెండో ముద్ద. నా పళ్లెం దిగుతోంది, వాళ్లది లేస్తోంది. "తాతా, నమలకుండా మింగకు, బరువు తగ్గుద్ది" అంది. అదెలాగో నేనడగలేదు. ప్రతి ముద్దకూ జనం లెక్కపెడుతున్నారు. ఎవరో తాళం వేస్తున్నారు. సోమలింగం, గాలి ఎటు వీస్తే సూది అటు కదులుతుందని పీలిక పట్టుకుని చూస్తున్నాడు. కింద నుంచి కామేశం, గాలి లేదని చెబుతున్నాడు. పదకొండో ముద్దకు నా మోకాళ్లు పిల్ల తలతో సమానమయ్యాయి. పదిహేనో ముద్దకు మా ఇద్దరి కళ్లూ ఎదురెదురుగా వచ్చాయి.

"ఇంకొక్క ముద్ద" అంది మాణిక్యాంబ గారు.

పేరిందేవి ముద్ద చేసింది. చెయ్యి చాచి ఆగింది.

"తాతా, నువ్వు తూగాక ఎక్కడికెళ్తావు?"

"కుడి బుడగకు."

"మేమో?"

"మీరు ఎడమకు. మీ అక్క దగ్గరకు."

చెయ్యి వెనక్కి తీసుకుంది. ముద్దను అరచేతిలో పెట్టుకుని దాన్నే చూస్తూ నిలబడింది. తాళం ఆగింది.

త్రాసు కింద నుంచి మధూలిక అంది. "చెల్లీ, పెట్టవే."

"పెడితే వెళ్లిపోతాడు."

"పెట్టకపోతే నువ్వెళ్లిపోతావు."

పేరిందేవి వాళ్లక్క వంక చూసింది. నా వంక చూసింది. ఏడేళ్ల బుర్రలో ఏం తిరిగిందో గాని, ముఖం ఒక్కసారి సర్దుకుంది. అచ్చం మేనత్తలా. అరచేతిలోని ముద్దను మెల్లగా చిదిపింది. అందులోంచి ఒక్క మెతుకు, ఒకే ఒక్క మెతుకు, రెండు వేళ్లతో తీసి నా నోట్లో పెట్టింది.

నమిలాను. చాలాసేపు నమిలాను.

"ఇంకోటి" అంది.

మెతుకు తర్వాత మెతుకు. మధ్యమధ్య పప్పు బద్ద వస్తే అది రెండు ముక్కలు. నేను పంపు దగ్గర పోయిన కర్ర సంగతి చెప్పాను, మురుగుమూత వాక్యం చెప్పాను, నేను చిన్నప్పుడు గమ్ము తిని మూడు రోజులు మాట్లాడలేకపోయిన సంగతి చెప్పాను. ఆ మూడు రోజులూ ఊరు ఎంత ప్రశాంతంగా ఉండేదో వెంకాయమ్మ చెప్పింది. జనం నేల మీద కూచున్నారు. కామేశం వాళ్ల నాన్నకు మంచినీళ్లు అందించాడు. తొందరపడమని మాణిక్యాంబ గారు ఒక్కసారి కూడా అనలేదు. సూది గీత మీదికి ఎప్పుడు వచ్చిందో చూసినవాళ్లు ఆవిడా, ఆవిడ చెల్లెలూ. ఇద్దరూ చెప్పలేదు. అరచెయ్యి ఖాళీ అయ్యాకే చెప్పారు.

విడుపు గంటన్నర ఆలస్యంగా జరిగింది. అందుకు కారణం రాయమన్నారు.

కారణం: మెతుకులు.